పూజలో పెట్టిన జాకీ

కారు కింద పడుకుని పనిచేసే మనిషి కనిపిస్తే నా కళ్లు ముందు అతని కాళ్ల మీదికే పోతాయి. రెజిమెంటల్ బజార్ దగ్గర కాపురం ఉన్న రోజుల్లో బస్టాపుకు వెళ్లే దారిలో రెండు మూడు మెకానిక్ షెడ్లు ఉండేవి. బండి కింది నుంచి రెండు కాళ్లు బయటికి చాపి ఉండేవి. ఆ వేళ్లు కదిలేదాకా నేను అక్కడే నిలబడేదాన్ని. ఆఫీసుకు ఆలస్యమైనా సరే, బస్సు పోయినా సరే. ఒకసారి ఒకాయన కింద నుంచే, "ఏం గావాలె అమ్మా?" అని అడిగాడు. ఏం కావాలని చెప్పను? "ఏం లేదన్నా" అని గబగబా వచ్చేశాను. ఈ అలవాటు సంగతి పెళ్లయిన పదేళ్ల దాకా మా ఆయనకు కూడా తెలియదు.

తెలియాల్సి వచ్చింది మా కారు క్లచ్ అరిగిపోవడం వల్ల.

అది మేము కొన్న మొదటి కారు. మా కంటే ముందే ఇద్దరి చేతులు మారిన పాత బండి. ఒకరోజు సాయంత్రం బేగంపేటలో నన్ను ఆఫీసు దగ్గర ఎక్కించుకుని ఇంటికి వస్తుంటే ఫ్లైఓవర్ ఎక్కేచోట రోగం బయటపడింది. ఆక్సిలేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గాని బండి ముందుకు పోవడం లేదు. వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. లోపలంతా మాడిన వాసన. మా ఆయన పెడల్ వైపు వంగి, "ఏందిది?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూనే, "క్లచ్ ప్లేట్ అరిగింది, జారుతున్నది" అన్నాను.

ఆయన నా వైపు ముందు ఆశ్చర్యంగా, ఆ తర్వాత మహా సంతోషంగా చూశాడు. ఆ సంతోషం చూడగానే నాకు గుండెల్లో రాయి పడింది.

మా ఆయన బ్యాంకులో గుమాస్తా. మంచి మనిషే, కాని ఆయనకొక జబ్బుంది. ఏ వస్తువునైనా విప్పి చూస్తే గాని మనసు ఊరుకోదు. ఇస్త్రీపెట్టె విప్పాడు, గోడ గడియారం విప్పాడు. మిక్సీ విప్పి మళ్లీ బిగించాక మూడు మరలు మిగిలితే, అవి కంపెనీవాడు అనవసరంగా పెట్టినవని తీర్మానించి డబ్బాలో వేశాడు. ఇప్పుడు ఆ చేతికి ఏకంగా కారే దొరికింది.

"నువ్వు రైల్వే ఫిట్టర్ బిడ్డవు. నాకు రెండు చేతులున్నయ్. ఇంక మెకానిక్ ఎందుకు? మనమే మార్చుకుందాం" అన్నాడు.

ఆ వారంలోనే రాణిగంజ్ పోయి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. ఎట్లా మార్చాలో నన్నడిగాడు. నాకు తెలియక కాదు. బండి ముందు భాగం ఎత్తాలి, వెనక చక్రాలకు పోయే షాఫ్ట్ విప్పాలి, గేర్ బాక్స్ దింపాలి, అప్పుడు గాని క్లచ్ కనపడదు. మధ్యలో మొరాయించే బోల్టు ఒకటి తప్పకుండా ఉంటుంది. అన్నీ తెలుసు. "నాకేం గుర్తు లేదు, మెకానిక్‌కు ఇద్దాం" అన్నాను. కారణం చెప్పమన్నాడు. చెప్పలేదు. "మీకు రాదు" అన్నాను. ఏ మగాడితోనైనా అనకూడని మాట అది. ఆయన మూతి ముడుచుకుని, ఇక చేసి చూపించాల్సిందేనని పట్టుబట్టాడు.

రెండు రోజుల తర్వాత ఆఫీసు నుంచి వచ్చేసరికి మా వాకిట్లో, కారు పక్కన, ఇటుకలు పేర్చి ఉన్నాయి. పక్కింటి గోడ కట్టగా మిగిలినవట. ఒకదాని మీద ఒకటి, ముద్దుగా రెండు దిమ్మెలు పేర్చాడు. నేను భుజం మీది బ్యాగు కింద పెట్టి, ఆ ఇటుకలను ఒక్కొక్కటే తీసి వీధి మోరీలో పారేశాను. చివరివి పారేస్తుంటే ఆయన చప్పుడు విని బయటికి వచ్చాడు.

"పిచ్చి గిట్ల పట్టిందా ఏందీ?" అన్నాడు.

"ఇంకో ఇటుక ఈ వాకిట్లోకి వస్తే నేనుండ" అన్నాను. లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఇటుకలంటే నాకు ఆ భయం ఎక్కడిదో ఇప్పుడు చెప్పాలి.

అప్పటికి పద్దెనిమిదేళ్ల కిందట మేము చిలకలగూడలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ పోయి మూడేళ్లయింది. ఇంట్లో నాయన, అన్న, నేను. నాకు ఇరవై రెండు, అన్నకు ఇరవై అయిదు. నాయన ఎక్కడో మూలన పడి ఉన్న పాత కారొకటి తెచ్చి, తండ్రీ కొడుకులు దాన్ని బాగు చేస్తుండేవాళ్లు. అన్నీ బాగయ్యాయి, క్లచ్ ఒక్కటే మిగిలింది. దసరా పండుగకు రెండు రోజుల ముందు బండి ముందు భాగం పైకి లేపారు. ఎడమ పక్క రైలు పట్టాల కింద వేసే స్లీపర్ చెక్క ముక్క పెట్టాడు నాయన. అలాంటి ముక్క ఒకటే దొరికింది. అందుకని కుడి పక్క ఇటుకలు పేర్చాడు. మధ్యలో జాకీ బిగించాడు.

"ఇటుకలను నమ్మద్దు. బరువంతా జాకీ మీదనే ఉన్నది" అని మా ఇద్దరికీ చెప్పాడు. నేను విన్నాను.

నవమి నాడు వర్క్‌షాపులో ఆయుధ పూజ చేసుకుని, నాయన అటు నుంచి అటే రైలెక్కి కాజీపేటలో ఉన్న మా మేనత్త ఇంటికి వెళ్లాడు. దసరా నాడు అక్కకు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కి రావడం ఆయనకు ప్రతి ఏడూ ఉన్నదే. పొద్దున ఇంట్లోంచి పోతూ పోతూ అన్నతో, "షాఫ్ట్ విప్పి పెట్టు, నేనొచ్చినంక గేర్ బాక్స్ దింపుదాం" అన్నాడు.

ఇంట్లో ఆయుధ పూజ నాది. అమ్మ ఉన్నప్పుడు ఇనుప వస్తువన్నది ఏదీ ఆ రోజు పూజ లేకుండా ఉండొద్దని ఆమె పట్టింపు. కత్తిపీట, కుట్టుమిషను, సుత్తెలు, స్పానర్లు, అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి పటం ముందు పేర్చేది. మర్నాడు దసరా పొద్దున నైవేద్యం పెట్టి ఉద్వాసన చెప్పేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. అమ్మ పోయాక ఆ పట్టింపు నాకొచ్చింది, ఇంకా నాలుగింతలై వచ్చింది. ఆ నవమి నాడు స్పానర్లన్నీ కడిగి పెట్టాక లెక్క చూస్తే జాకీ లేదు. బండి కింద ఉంది. అంత పెద్ద ఇనుము, ఇంట్లో అన్నింటికంటే బరువు మోసేది, దానికే పూజ లేకపోతే ఎట్లా అనుకున్నాను. వాకిట్లోకి పోయి మెల్లగా తిప్పి దించాను. బండి కొంచెం కిర్రుమని చెక్క మీద, ఇటుకల మీద కూర్చుంది. కదల్లేదు. జాకీని బయటికి లాగి, గ్రీజు తుడిచి, బొట్లు పెట్టి, బంతిపువ్వు పెట్టాను. చాలా తృప్తిగా అనిపించింది. అబద్ధం ఎందుకు, నిజంగానే తృప్తిగా అనిపించింది.

దసరా పొద్దున అన్న హడావుడి మీద ఉన్నాడు. నాయన వచ్చేలోపు షాఫ్ట్ ఒక్కటే కాదు, గేర్ బాక్స్ కూడా దింపి మెప్పించాలని వాడి ఉబలాటం. స్పానర్లు పూజలో ఉన్నాయని పక్కింటికి పోయి తెచ్చుకున్నాడు. పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన స్కూల్లో టీచరు. వాళ్లకు ఆయుధ పూజ లేదు గనక ఆయన స్పానర్లు పెట్టెలోనే ఉన్నాయి. కాని ఆయనకున్నది స్కూటరు. జాకీ ఆ ఇంట్లో లేదు.

నేను వంటింట్లో పూర్ణాలు వేయిస్తున్నాను. అన్న గుమ్మంలో నిలబడి, "చెల్లె, జాకీ తీస్కుంట" అన్నాడు.

"ముట్టద్దు. ఇంక పూజ ఎత్తలే."

"ఎంతసేపు?"

"గంట పడ్తది."

"గంటలో నాయిన వచ్చేస్తడే. జెర ఇయ్యరాదు."

"ఏడాదికి ఒక్క రోజు నా మాట వినవా నువ్వు? ముట్టినవంటే ఊకోను."

వాడు నవ్వాడు. "సరే తీ, నీ అమ్మవారినే పిలుస్త బండి పట్టుకోనీకి" అని వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నాకు అంత భక్తి ఏమీ లేదు. అంతకుముందు రోజు చెరిగిన బియ్యం మీద వాడు గ్రీజు చేతులు పెట్టాడని నాకు కోపం. ఇంటి చాకిరీ అంతా నేను చేస్తుంటే ఒక్కరూ నా మాట లెక్క చేయరని కోపం. ఆ రోజు నా దగ్గర వాళ్లు దాటలేని మాట ఒకటి దొరికింది. దాన్ని వదులుకోవాలని లేదు. రెండు పూర్ణాలు వేయించే లోపు హారతి ఇచ్చి జాకీ ఇవ్వగలిగేదాన్ని. ఇవ్వలేదు.

చప్పుడు పెద్దది కాదు. బియ్యం బస్తా దింపినట్టు అయింది. అన్న అరవలేదు. మొరాయించిన బోల్టును స్పానర్‌కు పైపు తొడిగి గట్టిగా గుంజి ఉంటాడు, కుడి పక్క ఇటుకలు పిండి అయిపోయాయి. టీచరు గారు, వీధిలో వాళ్లు పరుగెత్తుకొచ్చి పది చేతులతో బంపరు పట్టి లేపారు. అన్నను జీపులో వేసుకుని ఆసుపత్రికి పోయారు. దారిలోనే పోయాడని తర్వాత చెప్పారు.

నన్ను ఎక్కించుకోలేదు. టీచరు గారి భార్య నా పక్కన కూర్చుని, కాసేపటికి మంచినీళ్లు తేవడానికి వాళ్లింటికి వెళ్లింది. ఆ కొద్దిసేపట్లో నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. పటం ముందు నుంచి జాకీ తీశాను. చీర కొంగుతో పసుపు కుంకుమ తుడిచాను. వాకిట్లోకి తీసుకుపోయి, పగిలిన ఇటుకల పక్కన, పక్కకు ఒరిగి పడినట్టు పెట్టాను. జాకీ ఏదని ఎవరూ అడగకూడదు, అంతే. ఇంకేమీ ఆలోచించలేదు.

నాయన మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా జేబులో మా కోసం తెచ్చిన జమ్మి ఆకు ఉంది. ఆసుపత్రి నుంచి కొడుకును తెచ్చుకుని, అన్నీ అయ్యాక, మర్నాడో ఆ మర్నాడో బండి దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. జాకీ చూశాడు. ఇటుక ముక్కలు చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. ఆ తర్వాత ఆయన ఇంట్లో స్పానర్ పట్టుకోగా నేను చూడలేదు. వర్క్‌షాపులో చేసేవాడు, ఇంటికొస్తే కుళాయి వాషరు కూడా మార్చేవాడు కాదు. అందరం దుఃఖం అనుకున్నాం. టీచరు గారు ఒకసారి నా దగ్గరికొచ్చి, "ఆ స్పానర్లు నేను ఇవ్వకుండా ఉండాల్సిందమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. వాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

ఇప్పటికీ మా ఆఫీసులో నవమికి కంప్యూటర్లకు బొట్లు పెట్టి గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు నేను సెలవు పెడతాను. కొత్తవాళ్లు అడిగితే తలనొప్పి అంటాను. నిజంగానే వస్తుంది కూడా.

ఇక ఇటుకల గొడవ దగ్గరికి వస్తాను. నేను ఇటుకలు మోరీలో పారేశాక వచ్చిన ఆదివారం మా ఆయన కోపంగా కాప్రా వెళ్లాడు. రిటైరయ్యాక నాయన అక్కడ చెరువుకు దగ్గరలో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. పెద్దాయన వచ్చి పక్కన నిలబడితే నేను కాదనలేనని మా ఆయన లెక్క. రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు. కోపం ఎక్కడికో పోయింది.

"మామ రానన్నడు. ఒక్కటే మాటన్నడు. 'నేను పేర్చిన ఇటుకల కిందనే నా కొడుకు పోయిండు. జాకీ ఉండంగ సుత కూలినయ్ అంటే నా చేతిలనే తప్పున్నది. నన్ను పిలువకు బిడ్డా' అన్నడు. మీ అన్న ఎట్ల పోయిండో నువ్వు నాకెన్నడు సక్కగ చెప్పలే."

జాకీని అక్కడ పెట్టి నా తప్పు దాచుకున్నాననుకున్నాను. తప్పు దాగలేదు, ఆయన నెత్తి మీదికి పోయి కూర్చుంది. ఇన్నేళ్లూ నాకది తెలియదంటే అబద్ధం. ఆ ఇటుక ముక్కలు నలుపుతున్న చేతులు చూసిన దాన్ని నేనే. తెలుసుకోదలచుకోలేదు, అది నిజం.

మా ఆయనకు అప్పుడు అంతా చెప్పాను. పూర్ణాల నుంచి మెకానిక్ షెడ్ల ముందు నిలబడడం దాకా.

"క్లచ్ సంగతి వదిలెయ్. రేపే మెకానిక్‌కు ఇచ్చేస్త. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఆ తర్వాత, "గాని నాకు చెప్తే ఏమొస్తది? మామకు చెప్పాలె" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు పోకుండా కాప్రా బస్సెక్కాను. నాయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం. ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఫిట్టరు లాగా ప్రశ్నలు వేశాడు.

"జాకీ ఎప్పుడు తీసినవ్?"

"నవమి నాడు. మధ్యాహ్నం."

"మీ అన్న అడిగిండా?"

"అడిగిండు. నేను ఇయ్యలే."

"మరి నేనొచ్చేసరికి కింద ఉండె గదా."

"నేనే పెట్టిన నాయినా. జీపు పోయినంక."

ఆయన చెరువు వైపు చూశాడు. "పద్దెనిమిదేండ్ల సంది ఆ ఇటుకలే పేరుస్తున్న నేను. కండ్లు మూస్తే పేరుస్తున్న. ఎక్కడ తప్పయిందో దొరకకపాయె" అన్నాడు. నా వైపు తిరగలేదు. "నీ బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

శనివారం పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. మెకానిక్ సోమవారం దాకా ఖాళీ లేదన్నందుకు కారు ఇంకా వాకిట్లోనే ఉంది. ఆటోలోంచి నాయన దిగాడు. వెనక నాలుగు స్లీపర్ చెక్క దుంగలు, రెండు జాకీలు, గోనెసంచిలో ఆయన పాత స్పానర్లు. వాటికి పట్టిన తుప్పు అంతా కిరసనాయిలుతో వదలగొట్టి తెచ్చాడు.

"క్లచ్ ఎవ్వలికి ఇయ్యద్దు. నేను మారుస్త" అని మా ఆయనతో అన్నాడు.

నేను వద్దనబోయాను. మా ఆయన నన్ను కళ్లతోనే ఆపాడు. నాయన దుంగలు పెట్టాడు, జాకీలు బిగించాడు, భుజంతో బండిని నాలుగు వైపుల నుంచీ నెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. చేతులు అరవై దాటిన మనిషివి కావు, వర్క్‌షాపు మనిషివే. మా ఆయన స్పానర్లు అందించడానికి సంచి విప్పాడు. నేను చాయ్ తెచ్చాను. నాయన గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నాడు, తాగాడు, కింద పెట్టాడు. మొహంలోకి చూడలేదు. అయినా వచ్చాడు కదా, స్పానర్ పట్టాడు కదా అనుకున్నాను. జాకీ పక్కన నిలబడితే కనిపెట్టుకుని ఉండొచ్చని బంపరు దగ్గరికి పోయి నిలబడ్డాను.

నాయన సంచి పరుచుకుని బండి కిందికి జరిగాడు. కొద్దిసేపు చప్పుడు లేదు. తర్వాత కింద నుంచి గొంతు వినిపించింది. కోపం లేదు అందులో, మామూలుగా ఉంది.

"బిడ్డా, నువ్వు జెర దూరం పో."

నేను కాంపౌండు గోడ దాకా నడిచి పోయాను. అప్పటిదాకా ఆయన మొదటి బోల్టు మీద స్పానర్ పెట్టలేదు.